ట్రిపోలీలో ఉండిపోయిన పాస్‌పోర్టు

2011 మార్చి మొదటి వారంలో ఢిల్లీ ఎయిర్‌పోర్టులో దిగేసరికి నా దగ్గర ఒంటిమీద బట్టలు, ఎంబసీ ఇచ్చిన ఎమర్జెన్సీ సర్టిఫికెట్, సాక్సులో దాచిన పదిహేడు దినార్లు ఉన్నాయి. పాస్‌పోర్టు లిబియా రాజధాని ట్రిపోలీలో కంపెనీ బీరువాలో ఉండిపోయింది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాలుగు నెలల జీతం కూడా అక్కడే. ఆ రెండింటి కోసం ఏడాదిన్నర తిరిగాను. ఈ మధ్య టీవీలో ఏదో దేశం గురించి "ఆంక్షలు", "తీర్మానం" అని వినబడుతుంటే ట్రంకు పెట్టెలోంచి ఆ ఫైలు తీశాను. అందుకే ఇది రాస్తున్నాను.

మాది గంజాం జిల్లా, పాత్రపురం వైపు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బరంపురం బజారులో రెండూ. మా వైపు నుంచీ, గట్టు దాటితే ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచీ కుర్రాళ్లు వెల్డింగో ఫిట్టింగో నేర్చుకుని విదేశం పోవడం మామూలే. నేను షట్టరింగ్ కార్పెంటర్‌ని, అంటే కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు కట్టేవాణ్ని. ట్రిపోలీ బయట ఇళ్లు కడుతున్న సైటులో పని. పెద్ద కంపెనీ కింద చిన్న కంపెనీ, దాని కింద ఇంకా చిన్నది. నేను అట్టడుగున ఉన్నదాంట్లో.

ఫిబ్రవరి 15న బెంఘాజీలో గొడవలు మొదలయ్యాయని విన్నప్పుడు మాకేం పట్టలేదు. అది చాలా దూరం. వారం తిరిగేసరికి రాత్రుళ్లు ట్రిపోలీ వైపు నుంచే తుపాకుల మోత. 22 రాత్రి మెస్‌లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. లిబియాను ఏలే గడాఫీ గంటకు పైగా అరిచాడు. పక్కనున్న ఈజిప్టు మేస్త్రీ వచ్చీరాని హిందీలో మాకు చెబుతున్నాడు: ఇల్లిల్లూ, సందుసందూ గాలిస్తానంటున్నాడు అని. సోంపేట బావ (వరసకు ఏమీ కాడు, క్యాంపులో అందరికీ బావే) పళ్లెం కింద పెట్టేసి, "ఇంక మన జీతాలు రావురా" అన్నాడు. అంత ఉపన్యాసంలోనూ మా వాటా ఎంతో ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

మనవాళ్లు అప్పట్లో లిబియాలో పద్దెనిమిది వేల మంది దాకా ఉన్నారు. ప్రభుత్వం ఫిబ్రవరి 26 నుంచి ట్రిపోలీకి ఎయిరిండియా విమానాలు పంపింది. బెంఘాజీ వైపు ఉన్నవాళ్లను ఓడలో అలెగ్జాండ్రియాకు చేర్చింది. మొత్తం పదిహేను వేల మందికి పైగా బయటపడ్డారు. ఈ లెక్కలు నాకు ఇంటికొచ్చాకే తెలిశాయి. అక్కడున్నప్పుడు తెలిసిందల్లా, ఫలానా రోజు బస్సు వస్తుంది, ఎక్కితే ఎక్కినట్టు.

ఆ బస్సును మూడు చోట్ల ఆపారు. రెండో చోట ఒక కుర్రాడు ఎక్కాడు, పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో, భుజాన తుపాకీ. ఒక్కొక్కరి ఫోను తీసుకుని వెనక మూత ఊడదీసి, బ్యాటరీ తీసి, సిమ్మూ మెమరీ కార్డూ లాగి అట్టపెట్టెలో వేసుకున్నాడు. మళ్లీ బ్యాటరీ పెట్టి, మూత టక్కుమనేదాకా నొక్కి, ఫోను మా చేతికిచ్చాడు. మూత సరిగ్గా పడకపోతే రెండోసారి నొక్కాడు కూడా. మా పాప బారసాల ఫొటోలు ఆ కార్డులోనే ఉన్నాయి. వీడియోలు బయటికి పోకూడదని వాళ్ల తాపత్రయం. దేశం చేయి జారుతుంటే మా ఫోన్లలో వెతుకుతున్నారు.

ఎయిర్‌పోర్టు బయట వేల మంది. ఈజిప్టు వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు దుప్పట్లు కప్పుకుని వానలోనే పడుకున్నారు. మన ఎంబసీ ఆయన గొంతు పోయి, సైగలతో మాట్లాడుతున్నాడు. పాస్‌పోర్టు లేదంటే, "జెరాక్స్?" అన్నట్టు చేయి తిప్పాడు. పర్సులో నాలుగు మడతలు పెట్టిన మొదటి పేజీ జెరాక్స్ ఉంది. అదే నన్ను ఇంటికి చేర్చింది. విదేశం పోయేవాళ్లకు ఒక్క మాట: మొదటి పేజీ చాలదు, చివరి పేజీ కూడా (అప్పట్లో అయితే, విదేశీ పనికి ప్రభుత్వ అనుమతిగా అతికించే ఎమిగ్రేషన్ స్టిక్కరు ఉన్న పేజీ కూడా) జెరాక్స్ తీయించి ఒకటి ఇంట్లో, ఒకటి ఒంటిమీద ఉంచుకోండి. ఆ మిగతా పేజీలు లేక నేను పడ్డ తిప్పలు తర్వాత చెబుతాను.

ఢిల్లీలో రాష్ట్రాలవారీగా బల్లలు వేశారు. తెలుగు వినబడ్డ బల్ల దగ్గరికి పోయాను. టీ ఇచ్చారు, ఇంటికి ఫోను చేయించారు, అడ్రసు చూసి "అన్నా, నీది ఒరిస్సా, అటు బల్ల" అని నవ్వారు. అక్కడ ఒడియాలో మళ్లీ మొదటి నుంచీ చెప్పుకున్నాను. మా బతుకంతా ఇంతే, కొత్తేం కాదు.

ఇంటికొచ్చాక చేతిలో పని లేదు, టీవీ చూడ్డమే పని. అప్పుడే ఈ ఐక్యరాజ్యసమితి భద్రతామండలి సంగతి పట్టుకుంది నన్ను. మా విమానాలు మొదలైన ఫిబ్రవరి 26నే అక్కడ 1970 నంబరు తీర్మానం పాసైంది. పదిహేను దేశాలకు పదిహేనూ చేతులెత్తాయి, మనది కూడా. గడాఫీకి ఆయుధాలు అమ్మకూడదు, ఆయనా ఆయన పిల్లలూ ప్రయాణాలు చేయకూడదు, వాళ్ల ఆస్తులు స్తంభింపజేయాలి, కేసు హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు చూడాలి. మార్చి 17న 1973 నంబరు తీర్మానం: విమానాలు ఎగరకూడదు, జనాన్ని కాపాడ్డానికి అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చు. దీనికి పది ఓట్లు అనుకూలం. మనం, చైనా, రష్యా, జర్మనీ, బ్రెజిల్ ఓటు వేయలేదు. అక్కడి మన ఉప రాయబారి మన్‌జీవ్ సింగ్ పురీ, లిబియాకు వెళ్లిన ఐక్యరాజ్యసమితి ప్రత్యేక దూత నివేదిక ఇంకా మన చేతికి రాలేదు, సరైన సమాచారం లేకుండా ఎలా ఒప్పుకుంటాం అన్నారు. మా ఊళ్లో టీ కొట్టు దగ్గర దీనికి ఒకటే మాట: పాము చావకూడదు, కర్ర విరగకూడదు. నాకు మాత్రం తప్పనిపించలేదు. అప్పటికింకా మనవాళ్లు కొందరు అక్కడే ఉన్నారు. రెండు రోజులు తిరక్కుండానే బాంబులు పడ్డాయి.

జీతం సంగతి. ఇచ్ఛాపురంలో ఉండే సబ్ ఏజెంటు దగ్గరికి పోతే, "నాదేముంది తమ్ముడూ, ముంబై వాళ్లనడుగు" అన్నాడు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ముంబై పోయాను. అక్కడి ఏజెంటు, "మా కంపెనీకి పై కంపెనీ బిల్లు ఇవ్వాలి, వాళ్లిచ్చాక చూద్దాం" అన్నాడు. పై కంపెనీకి లిబియా ప్రభుత్వం ఇవ్వాలి. లిబియా సెంట్రల్ బ్యాంకు, విదేశీ బ్యాంకు, ఆయిల్ కార్పొరేషన్, అన్నీ 1973 తీర్మానం వెనక, ఆస్తులు స్తంభింపజేయాల్సినవాటి జాబితాలో ఉన్నాయి. నియంత చేతికి డబ్బు అందకూడదని వేసిన తాళం అది. ఆ తాళం లోపల మా చెక్కపనివాళ్ల ఓవర్‌టైం కూడా ఉంది. ఏజెంటు అబద్ధాలాడుతున్నాడా, నిజమే చెబుతున్నాడా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. తీర్మానం మాత్రం అతనికి మంచి గొడుగైంది.

ముంబైలో ఉండగానే ఏప్రిల్ 10న దక్షిణాఫ్రికా అధ్యక్షుడు జుమాతో పాటు ఆఫ్రికా యూనియన్ నేతలు ట్రిపోలీ పోయారు. ముందు కాల్పులు ఆపాలి, తర్వాత మాటలు. గడాఫీ సరేనన్నాడు. మర్నాడు బెంఘాజీ పోతే తిరుగుబాటుదారులు, ముందు ఆయన దిగాలి, తర్వాతే ఏదైనా అన్నారు. దాదర్‌లో ఒక లాడ్జి గదిలో టీవీలో అది చూస్తుంటే మా ఊళ్లో అన్నదమ్ముల గట్టు తగవు గుర్తొచ్చింది. ముందు నువ్వు రాయి పీకు, కాదు ముందు నువ్వు కంచె తియ్. పెద్దమనుషులు ఎంతమంది వచ్చినా అక్కడే ఆగుతుంది. జూన్ 27న హేగ్ కోర్టు గడాఫీకి, కొడుకు సైఫ్‌కి, గూఢచారి శాఖ పెద్దకి అరెస్టు వారంట్లు ఇచ్చింది. న్యాయమే, కాదనను. కానీ దిగి ఏ దేశమో పోదామనుకున్నవాడికి ఆ తలుపు కూడా మూసినట్టే. దిగితే జైలు అని తెలిశాక ఎవడు దిగుతాడు?

నా తలుపులూ అలాగే ఉన్నాయి. కొత్త పాస్‌పోర్టు కావాలంటే పాతది పోయినట్టు పోలీసు రిపోర్టు కావాలి. ఠాణాలో రైటర్ కలం పట్టుకుని, "ఎక్కడ పోయింది?" అన్నాడు. ట్రిపోలీలో అన్నాను. కలం కింద పెట్టాడు. "మా ఠాణా హద్దు కాదు." పోలేదు సార్, బీరువాలో ఉంది అన్నాను. "అయితే పోయినట్టు ఎలా రాయను?" అతనిదీ నిజమే. నాలుగోసారి పోయినప్పుడు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ చూపించి, దీన్ని చూసి ఏదో ఒకటి రాయండి అని బతిమాలితే, "విదేశంలో అల్లర్ల కారణంగా చేతికి రానిది" అని ఒడియాలో చక్కగా రాశాడు.

తర్వాత పేరు. బడిలో మాస్టారు ఒడియా పద్ధతిలో పేరు ముందు, ఇంటిపేరు చివర రాశారు. పాత పాస్‌పోర్టులో మన పద్ధతిలో ఇంటిపేరు ముందు. ఓటరు కార్డులో అసలు ఇంటిపేరే లేదు. ముగ్గురూ ఒక్కరేనని బరంపురం కోర్టు దగ్గర అఫిడవిట్ చేయించాను. అది అక్టోబరులో. 20న సిర్తేలో గడాఫీని చంపేశారు. ఆ తర్వాత పన్నెండు రోజులకు, నవంబరు 1న, మా రాష్ట్రం పేరు ఒరిస్సా నుంచి ఒడిశా అయింది. వకీలు నా అఫిడవిట్ చూసి, ఎందుకైనా మంచిది, కొత్త పేరుతో మళ్లీ చేయిద్దాం అన్నాడు. ఇంకో స్టాంపు పేపరు. మా ఆవిడ, "ఏమండీ, మీ పేరు తేలేలోపు ఊరి పేరు కూడా మార్చేస్తారేమో" అంది.

జీతం విషయంలో నాకు పనికొచ్చింది ఒక్కటే: ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్‌కి (విదేశం పనికి పోయేవాళ్ల సంగతి చూసే ప్రభుత్వ అధికారికి) రాసిన ఫిర్యాదు. ఏజెంటు లైసెన్సు నంబరు, కాంట్రాక్టు జెరాక్స్, మెస్ కార్డు, ఉన్న రెండు పే స్లిప్పులు జత చేశాను. స్టిక్కరు పేజీ లేనందుకు నేను ఎవరి ద్వారా వెళ్లానో రుజువు చేయడానికే మూడు నెలలు పట్టింది. చివరికి వాళ్ల దగ్గర నుంచి ఏజెంటుకు నోటీసు పోయాక అతని గొంతు మారింది. అంతకుముందు ఫోనెత్తనివాడు తనే చేశాడు. వెళ్లేముందు కట్టించిన ఇన్సూరెన్స్ మీద కొంత ఆశ పెట్టుకున్నాను గానీ, అది చావుకీ అంగవైకల్యానికీ. జీతానికి కాదు. పాలసీ కాగితం ముందే చదివి ఉంటే ఆ ఆశ ఉండేది కాదు.

డిసెంబరు 16న భద్రతామండలి కమిటీ లిబియా సెంట్రల్ బ్యాంకునూ విదేశీ బ్యాంకునూ జాబితాలోంచి తీసేసింది. ఆ వార్త పేపర్లో చిన్న ముక్క. కత్తిరించి ఏజెంటుకు పోస్టులో పంపాను, కింద నా ఫోను నంబరు రాసి. అతను నవ్వుకుని ఉంటాడు. పాస్‌పోర్టు 2012 ఏప్రిల్లో వచ్చింది. డబ్బు ఆగస్టులో, నాలుగు నెలలకు గాను రెండు నెలలది, డ్రాఫ్టుగా. దాంతో పాటు ఇంగ్లిషులో ఒక కాగితం: ఇంతటితో బాకీ మొత్తం తీరింది, ఇక ఏ క్లెయిమూ లేదు. సోంపేట బావ సంతకం పెట్టను అన్నాడు. ఆయనకు ఏమీ రాలేదు. నేను పెట్టాను. ముంబై టిక్కెట్లకూ స్టాంపు పేపర్లకూ అయిన ఖర్చు పోను, మా పాపకు చెవిపోగులు కొన్నాను.

డ్రాఫ్టు బ్యాంకులో వేసిన వారానికి ఏజెంటే ఫోను చేశాడు. చాలా రోజుల తర్వాత తమ్ముడూ అన్నాడు.

"లిబియా మళ్లీ తెరిచారు. కార్పెంటర్లు కావాలంటున్నారు. కొత్త ప్రభుత్వం, జీతాలు కూడా పెరిగాయి. నీ పాస్‌పోర్టు నంబరు చెప్పు, రాసుకుంటాను."

పాస్‌పోర్టు ఎదురుగా అలమరలోనే ఉంది, నాలుగు నెలలుగా.

"ఇంకా రాలేదన్నా" అన్నాను.