స్టేషన్ నుంచి బస్టాప్ దాకా

హైదరాబాద్ నాగోల్ లైనులో 2017 నవంబరు నుంచి మెట్రో నడుస్తోంది. రైల్లో ఉన్నంతసేపూ హాయే. ఇబ్బందల్లా దిగి బస్టాప్‌కి నడవడంలోనే. ఫుట్‌పాత్ ఉంది. దాని మీద ట్రాన్స్‌ఫార్మర్, ఆ పక్కన బైకులు, ఆపైన తవ్వి వదిలేసిన గుంత కూడా ఉన్నాయి. బస్టాపేమో రోడ్డుకి అవతల. డివైడర్‌కున్న ఇనుప కమ్మీని ఎవరో ఒకచోట వంచేశారు. మాకు అదే క్రాసింగ్.

మొదట మామూలుగానే ఫిర్యాదు పెట్టాను. 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. గుంత మాత్రం అలాగే ఉంది.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక రిటైర్డ్ ఇంజినీరుగారున్నారు. "ఆ రోడ్డుకి యజమాని ఒక్కడు కాదమ్మా" అన్నారాయన. ఫుట్‌పాత్ నగరపాలక సంస్థది, ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు వాళ్లది, పార్కింగ్ సంగతి ట్రాఫిక్ పోలీసులది, బస్సు ఎక్కడ ఆగాలన్నది ఆర్టీసీది. 'రోడ్డు బాగుచేయండి' అని రాస్తే ప్రతివాళ్లూ అది పక్కవాళ్ల పనే అనుకుంటారట.

ఒక ఆదివారం పిల్లల్ని వెంటేసుకుని టేపుతో కొలిచాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 103వ నంబరు మార్గదర్శకాల ప్రకారం నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలి, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. మాకు చాలాచోట్ల అందులో సగం వెడల్పు కూడా దొరకలేదు. అంతా ఒక బొమ్మగా గీసి, ఏ ఆఫీసు పని ఎక్కడుందో రంగులు వేశాం. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం కింద హక్కేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పిన మాట అర్జీ మొదట్లోనే పెట్టాను. సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి, మన కాపీ మీద ముద్ర వేయించుకోవాలి. అది లేకపోతే తర్వాత ఎవరినీ నిలదీయలేం. జవాబు రాకపోయేసరికి పది రూపాయల ఫీజు కట్టి, సమాచార హక్కు కింద 'నా అర్జీ మీద ఎవరు, ఏమని రాశారు?' అని అడిగాను. 30 రోజుల గడువు తీరకముందే ఫోనొచ్చింది, అందరూ కలిసి స్థలం చూడటానికి వస్తున్నారని.

వచ్చాక అసలు వాదన మొదలైంది. "ఇక్కడ ఫుట్ ఓవర్ బ్రిడ్జి అడగండి మేడమ్, సేఫ్" అన్నారు ఏఈగారు, అంటే అసిస్టెంట్ ఇంజినీరు. నాతో వచ్చిన పక్కింటి పిన్నిగారు ఊరుకోలేదు. "అన్ని మెట్లెక్కే మోకాళ్లుంటే నీతో గొడవెందుకు నాయనా?" అన్నారు. స్టేషన్‌లో లిఫ్టుంది కదా, అటెక్కి ఇటు దిగొచ్చు కదా అన్నారు ఇంకొకరు. దిగొచ్చు. దిగాక బస్టాప్‌ వైపు నాలుగడుగులు వేస్తే అటువైపు ఫుట్‌పాత్ లేదు, మళ్లీ బస్సుల ముందుకే రావాలి. ఇంతకీ కార్లేమో నేల మీద తిన్నగా పోవాలి, నడిచేవాళ్లేమో ఎక్కి దిగాలి! 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే వాహనాల్ని కాదు, మనుషుల్ని కదిలించాలంటోంది. ఇదంతా ఏఈగారితో అంటే "బండ్లు ఆగవండీ" అన్నారు. మేం మాట్లాడుకుంటుండగానే ఒకామె చంకలో పిల్లాడితో ఆ వంగిన కమ్మీ సందులోంచి దాటింది. ట్రాఫిక్ ఎస్సైగారు అటే చూస్తూ, "వీళ్లు దాటేది ఇక్కడే. ఇక్కడే వేయండి" అనేశారు.

జీబ్రా గీతలు పడ్డాయి. డివైడర్ దగ్గర మధ్యలో ఆగి నిలబడేంత చోటు తీశారు, చక్రాల కుర్చీ పడుతుంది. గుంత పూడింది. ట్రాన్స్‌ఫార్మర్ మార్చడం ఇంకా ఎస్టిమేట్ల దగ్గరే ఉంది.

స్టేషన్ దగ్గర సైకిల్ స్టాండ్ కావాలంటే మాత్రం ఆ ఆఫీసర్లందరూ నవ్వేశారు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. మంచిదే, కానీ అది పొద్దున్నే వ్యాయామానికి వెళ్లేవాళ్లకి పనికొచ్చేది. మా వాచ్‌మన్ సైకిల్ తొక్కేది డ్యూటీకి. "స్టేషన్‌కి సైకిళ్ల మీద ఎవరొస్తారు మేడమ్?" అని అడిగారు కాబట్టి, ఇప్పుడు పొద్దున పూట గేటు దగ్గర నిలబడి సైకిళ్లు లెక్కపెడుతున్నాం. లెక్క తేలగానే అర్జీ, ఈసారి మొదటి రోజే ఆఫీసుకో కాపీ.