పెరటాసి శనివారం, గీతలో ఒక శ్లోకం

పెరటాసి (సెప్టెంబరు మధ్యలో మొదలయ్యే తమిళ నెల) వచ్చిందంటే తిరుపతి, చిత్తూరు వైపు శనివారాల తీరే మారిపోతుంది. నుదుట నామాలు, చేతిలో చెంబు, నోట గోవింద నామంతో పిల్లలు గడపగడపకూ వస్తారు. వాళ్ల చెంబులో గుప్పెడు బియ్యం పోసి, తళిగ (స్వామి నైవేద్యం) పనుల్లో పడతాం. స్వామి ముందు ఆకు పరిచి పులిహోర, చక్కెరపొంగలి, వడలు వడ్డించి హారతి ఇచ్చేదాకా పెద్దవాళ్లు చాలామంది ఏమీ తినరు.

ఒళ్లు బరువున్నవాళ్లు కొందరికి ఈ ఉపవాసాల మీద ఇంకో ఆశ కూడా ఉంటుంది, కాస్త తగ్గుతామేమోనని. అందులో తప్పేముంది? ఈ శరీరమూ స్వామి ఇచ్చిందే. అయితే గీత ఆరో అధ్యాయంలోని ఈ మాట కూడా వినాలి:

నాత్యశ్నతస్తు యోగోఽస్తి న చైకాంతమనశ్నతః

అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదంటున్నాడు కృష్ణుడు.

రాత్రి తిన్నది అరిగిపోయాక లివర్‌లో దాచుకున్న చక్కెర, సుమారు 100 గ్రాములు, ఖర్చవుతూ వస్తుంది. 12 గంటలు దాటేకొద్దీ ఇన్సులిన్ తగ్గి కొవ్వు కరగడం పెరుగుతుంది. స్థూలకాయుల్లో చాలామందికి ఖాళీ కడుపున కూడా ఇన్సులిన్ ఎక్కువే ఉంటుంది కాబట్టి ఈ మార్పు అంత సులువుగా జరగదు. పక్కింటావిడ హాయిగా ఉండి మీకు నీరసం వస్తే, అది మీ భక్తిలో లోపం కానే కాదు.

ఒక్క పూట తినకపోతే మెటబాలిజం (ఒంట్లో శక్తి ఖర్చయ్యే వేగం) పడిపోదు. రోజుల తరబడి పస్తుంటే మాత్రం కండ కూడా కరుగుతుంది, శరీరం తన ఖర్చు తగ్గించుకుంటుంది.

చైనాలో 139 మంది స్థూలకాయులకు ఏడాదిపాటు కేలరీలు తగ్గించి చూసిన పరీక్ష ఒకటి 2022లో వెలువడింది. వాళ్లలో ఒక గుంపు ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినాలి, రెండో గుంపుకు ఆ వేళల నియమం లేదు. రెండు గుంపులూ బరువు తగ్గాయి, మధ్య తేడా మాత్రం చెప్పుకోదగ్గంత లేదు. ఎంత తిన్నామన్నదే ముఖ్యమని తేలింది. కృష్ణుడు ఆ తర్వాతి శ్లోకంలోనే యుక్తాహారం అన్నాడు కదా!

అందుకే నాకు అసలు వ్రతం హారతి తర్వాతే మొదలవుతుందనిపిస్తుంది. నెయ్యి తేలే పొంగలి, వేడి వడ, పొద్దుటి నుంచీ ఆగిన ఆకలి. అక్కడ చెయ్యి ఆపడం చాలా కష్టం. ప్రసాదం కాదనక్కర్లేదు, అన్నీ కొంచెం కొంచెం తీసుకుని రెండో వడ్డనకు చెయ్యి అడ్డం పెడితే చాలు.

షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు పెరటాసికి ముందే డాక్టరును అడిగి డోసు సంగతి తేల్చుకోవాలి. ఉపవాసంలో చెమటలు పట్టి చేతులు వణికితే షుగరు పడిపోతోందని గుర్తించి వెంటనే చక్కెర నీళ్లు తాగండి. హారతి ఇంకా కాలేదని ఆగొద్దు.