చెట్ల నడుమ చేపలు

ఆదివారం. వంట త్వరగా ముగించుకుని, సగంలో ఆగిన తోట బొమ్మ ముందేసుకున్నాను. అరటి, మెట్టతామర, చేమ ఆకులు, వాటి నడుమ పిట్టలు, చేపలు. మా నల్లగొండ ఎండల్లో ఇంత పచ్చదనం వేస్తుంటేనే ప్రాణం లేచి వస్తుంది. అక్రిలిక్ రంగుల పొర ముందే వేసి ఉంది కాబట్టి ఇవాళ అతికించే పనే.

టైలర్ దగ్గర మిగిలిన పోచంపల్లి జాకెట్ ముక్కలను చేపల కోసమే దాచుకున్నాను. ఆ నేతలో నూలును ముందే కట్లు కట్టి రంగులో ముంచి, ఆ తర్వాతే నేస్తారు. అందుకే డిజైన్ అంచు స్కేలు పెట్టి గీసినట్టు ఉండదు, సన్నగా చెదిరి ఉంటుంది. నీళ్లలో కదిలే చేప ఒళ్లూ అంతే కదా! ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి ముక్క వెనక పూసి, మధ్య నుంచి అంచులకు వేలితో ఒత్తాను. తెల్లగా కనిపించిన జిగురు ఆరేసరికి మాయమై, మెరూన్ గళ్లు పొలుసుల్లా తేలాయి. చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను.

పాలపిట్ట దగ్గర ఎక్కువ టైం పట్టింది. దసరా నాడు దాన్ని చూడాలని అందరం పొలాల వెంట తిరుగుతాం. కూర్చున్నప్పుడు గోధుమరంగే ఎక్కువ, రెక్క విప్పితేనే ఆ నీలం. అది రంగు పదార్థం వల్ల వచ్చే నీలం కాదు, ఈకలోని సూక్ష్మ నిర్మాణం మీద వెలుతురు చెదిరితే కనిపించే నీలం. ట్యూబులోని రంగుకు ఆ మెరుపు ఎక్కడిది? నీలం చాక్లెట్ రేకును సన్నగా చీల్చి రెక్కలో అతికించాను. అట్టను కాస్త వంచితే చాలు, నీలం మారుతోంది.

చెరువు గట్టు దగ్గరే ఎటూ తేలలేదు. నీళ్లెక్కడ ఆగాలి, తోటెక్కడ మొదలవ్వాలి? టీ తెచ్చిన అమ్మను అడిగాను.

"కొర్రమట్ట ఊకె నీళ్లల్లనే ఉంటదా బిడ్డా? గాలి కోసం పైకొస్తనే ఉంటది."

నిజమే. కొర్రమీను మాటిమాటికీ పైకొచ్చి గాలి పీల్చుకోవాల్సిందే, లేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మన రాష్ట్ర చేప అదే, రాష్ట్ర పక్షి పాలపిట్ట. రెండూ పీల్చేది ఒకటే గాలి అయినప్పుడు మధ్యలో గట్టు ఎందుకు? గట్టు వేయలేదు. చేమ ఆకుల కాడలను కిందికి సాగదీసి, నీళ్ల పచ్చలో కలిపేశాను. ఒక కొర్రమీను మూతి అరటాకు అంచుకు తగులుతోంది. దాని కింద ఆయిల్ పాస్టెల్‌తో, అంటే నూనె కలిసిన రంగు కడ్డీతో, నారింజ చుక్కల గుంపు పెట్టాను. అవి దాని పిల్లలు. చిన్నప్పుడు ఆ రంగులోనే గుంపుగా తిరుగుతాయి, పెద్ద చేప కాపలా కాస్తుంది. ఈ బొమ్మలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ చోటే.

ఆయిల్ పాస్టెల్ పూర్తిగా ఆరదు, అద్దానికి తగిలితే అంటుకుంటుంది. ఫ్రేమ్ కట్టేవాళ్లకు బొమ్మకీ అద్దానికీ మధ్య ఎడం ఉండేలా చుట్టూ మందపాటి మౌంట్ (అట్ట అంచు) పెట్టమని చెప్పాలి. అరటి గెల ఇంకా వేయాలి.