కరవది నుంచి పల్లిపాడు దాకా, ముగ్గురు విదేశీ అతిథులతో

బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం మన ఒంగోలు జాతివో, ఆ జాతితో సంకరం చేసినవో. అక్కడ వాటిని 'నెలోర్' అంటారు. ఒంగోలు పశువుకి నెల్లూరు పేరు ఎందుకొచ్చిందంటే, అవి ఓడలెక్కి వెళ్ళిన 19వ శతాబ్దంలో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లాలోకి వెళ్ళింది, 1970లో కొత్త జిల్లా వచ్చాక దానికి కేంద్రమైంది. ఇదంతా చిన్నప్పటి నుంచి వింటున్నదే. కానీ ఆ బ్రెజిల్ నుంచే ఒక అమ్మాయి వచ్చి, ఒంగోలు దగ్గరి కరవదిలో ఒక రైతు చావిడి ముందు చెప్పులు విప్పి లోపలికి నడుస్తుంటే నా ఒళ్ళు జలదరించింది.

ఒంగోలు దగ్గర ఒక పల్లెలో యువజన సంఘం నడిపే పిల్లలు నాకు పాత పరిచయం. నెహ్రూ యువ కేంద్రంలో నమోదైన సంఘం. దేశమంతటా 1972 నుంచి ఈ కేంద్రాల అండతోనే ఊరూరా ఇలాంటి సంఘాలు పుట్టాయి. వీళ్ళు కూడా వాలీబాల్ పోటీలు, రక్తదానం, మొక్కలు నాటడం, అన్నీ చేశారు. ఈ మధ్య వాళ్ళకి కొత్త పట్టుదల వచ్చింది. మన దేశంలో చదువుకుంటున్న విదేశీ విద్యార్థుల్ని ఊరికి పిలిచి, ఇళ్ళల్లో ఉంచుకుని, జిల్లా చూపించాలని. "అన్నా, మీరూ రండి, పెద్దవాళ్ళెవరైనా తోడుంటే మాకు ధైర్యం" అని ఫోన్ చేశారు. విజయవాడలో రైలెక్కాను.

వచ్చినవాళ్ళు ముగ్గురు. బ్రెజిల్‌లోని ఉబెరాబా నుంచి పశువైద్యం చదువుతున్న అమ్మాయి, చెన్నైలో ఇంటర్న్‌షిప్ చేస్తోంది. జపాన్‌లోని సెందాయ్ నుంచి ఒక అమ్మాయి. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి ఒక కుర్రాడు, భారత ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద హైదరాబాద్‌లో చదువుతున్నాడు. అతని ఇంటిపేరు నాయుడూ. తెలుగు ఒక్క ముక్క రాదు.

అతిథుల్ని ఇంట్లో పెట్టుకోవడమంటే మంచాలు, దుప్పట్లు సర్దడంతో అయిపోదు. విదేశీయులు ఎవరింట్లో దిగినా ఆ ఇంటివాళ్ళు 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపాలి. పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, ఎప్పుడొచ్చారు, ఎప్పుడు వెళ్తారు, అన్నీ. ఈ పని సంఘంలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి నెత్తినేసుకుంది. రాత్రి కరెంటు పోతే ఫోన్ లైట్ వెలుగులో కూర్చుని పూర్తి చేసింది. అతిథులతో మాకు దుబాసీ కూడా తనే. ఇలాంటి కార్యక్రమాల ఫోటోల్లో ఈ పనులు చేసేవాళ్ళు కనపడరు, అందుకే ముందు ఆ పిల్ల గురించి చెప్తున్నాను.

మొదటి సాయంత్రం స్కూలు ఆవరణలో స్టేజీ వేశారు. శాలువాలు, బొకేలు, కూచిపూడి, కోలాటం, నాయకుల ప్రసంగాలు. అతిథులకి చీరలు కట్టించి ఫోటోలు దిగారు. రెండున్నర గంటలపాటు ఆ ముగ్గురూ కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొట్టారు. వాళ్ళని ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు, వాళ్ళకి ఒక్క ప్రశ్న అడిగే వీలూ ఇవ్వలేదు. పిల్లలు నెల రోజులు కష్టపడి నేర్చుకున్న కోలాటం నిజంగా బాగుంది. కానీ ఒకరు ఆడితే ఇంకొకరు చూడటం దగ్గరే ఆగిపోతే దాన్ని సాంస్కృతిక మార్పిడి అనడం నాకు ఇష్టం లేదు. సంఘం పిల్లలకి ఆ మాటే చెప్పాను. వాళ్ళూ మనసులో అదే అనుకుంటున్నారట.

మర్నాడు పొద్దున్నే కరవది వెళ్ళాం. 1960ల మొదట్లో ఈ ఊరి నుంచి ఒక గిత్త బ్రెజిల్ వెళ్ళింది. అక్కడివాళ్ళు దానికి ఊరి పేరే పెట్టుకున్నారు, కార్వాది అని. ఈరోజు బ్రెజిల్‌లో పేరున్న నెలోర్ వంశావళులు చాలావాటిలో ఆ గిత్త రక్తం ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఉబెరాబాని అక్కడ మూపురం పశువుల రాజధాని అంటారు. ఏటా పెద్ద పశు ప్రదర్శన జరుగుతుంది, ఆ పశువుల కోసమే ఒక మ్యూజియం కూడా ఉంది. చిన్నప్పుడు స్కూల్‌లో ఆ పేరు రాశానని, అదొక ఊరని మాత్రం ఇక్కడికి బయల్దేరే ముందే తెలిసిందని ఆ అమ్మాయి చెప్పింది.

చావిట్లో ఒక జత ఉంది. బండలాగుడు పందేలకి సాకుతున్న గిత్తలు. తెల్లటి ఒళ్ళు, కాటుక పెట్టినట్టు కళ్ళ చుట్టూ నలుపు, మెడ కింద మడతలు మడతలుగా వేలాడే గంగడోలు. పెద్దాయన "దగ్గరికి రావద్దమ్మా, కొత్త మనిషిని చూస్తే బెదురుతయ్" అన్నాడు. ఆ అమ్మాయి వినలేదు. తిన్నగా ఎదురు పోకుండా పక్కనుంచి వెళ్ళి, ముందు భుజం మీద అరచెయ్యి ఆనించి కాసేపు కదలకుండా ఉంది. గిత్త చర్మం ఒకసారి వణికి సర్దుకుంది. తర్వాత గంగడోలు కింద గోకడం మొదలుపెట్టింది, అది మెడ చాచింది. అప్పుడు కింది పెదవి మెల్లగా పట్టుకుని కిందికి లాగి, పళ్ళు చూసి, పెద్దాయన వైపు తిరిగి ఆరు వేళ్ళు చూపించింది. పెద్దాయన మొహం వెలిగిపోయింది. "ఆరు పళ్ళే! ఆరు పళ్ళే!" అన్నాడు. మన పందేల్లో జతల్ని పళ్ళ లెక్కనే విడదీస్తారు, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని. అక్కణ్ణించి వాళ్ళిద్దరికీ దుబాసీ అక్కర్లేకపోయింది. గిట్టలు చూపించుకున్నారు, మూపురం చూపించుకున్నారు, మేతలో ఏం కలుపుతారో డబ్బాలు తెరిచి చూపించుకున్నారు.

తర్వాత అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతుండగా పెద్దాయన అడిగాడు, "మీ దేశంలో మా గిత్తలు ఏం పని చేస్తయమ్మా? దున్నుతయా, బండి లాగుతయా?"

ఆ అమ్మాయి తడుముకోకుండా జవాబు చెప్పింది. మన దుబాసీ పిల్ల దాన్ని తెలుగులోకి చెప్పలేక తల దించుకుంది. సంఘం అధ్యక్షుడు "ఆ సంగతి వదిలెయ్, ఇంకేదన్నా చెప్పు" అని గొణిగాడు. పెద్దాయన గమనించాడు. "ఏందమ్మా, ఏమన్నదో చెప్పు. నేనేమీ అనుకోను" అన్నాడు. చెప్పింది. అక్కడ వాటిని మాంసం కోసమే పెంచుతారని, ఆ దేశం నుంచి ప్రపంచమంతా ఎగుమతి అయ్యే పశుమాంసంలో ఎక్కువ భాగం వీటి సంతతిదేనని.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన గిత్తల వైపు చూశాడు. "మేము వాటి మెడలో గంటలు కట్టి, కనుమ నాడు పూజ చేసేవాళ్ళం" అన్నాడు చివరికి. ఆ అమ్మాయి తొణకలేదు, క్షమాపణా చెప్పలేదు. మీ బాధ నాకు అర్థమవుతోందని చెప్పి, తనూ ఒకటి అడిగింది. మరి ఇక్కడ ఇవి ఎందుకు తగ్గిపోయాయి? దారి పొడుగునా మాకు ఎక్కువగా గేదెలే కనపడ్డాయే? ఈసారి తల దించుకోవడం మా వంతైంది. ట్రాక్టరు వచ్చాక దున్నడానికి ఎద్దు అక్కర్లేదు. పాలకి గేదె, సంకరజాతి ఆవు మేలు. సాకడానికి ఖర్చు, మేత భూములు లేవు. పందేల సరదా ఉన్నవాళ్ళు లక్షలు పోసి జతలు కొంటారు, మిగిలినవాళ్ళు కోడెదూడని అమ్మేస్తారు. అవి ఎక్కడికి పోతాయో అమ్మినవాళ్ళకీ తెలుసు. పెద్దాయన ఇవన్నీ తనే చెప్పాడు, దాచకుండా. జాతిని నిలపడానికి చదలవాడలో ప్రభుత్వ పశుక్షేత్రం ఉందని కూడా చెప్పాడు. అటు బ్రెజిల్‌లో 2023 జూన్ వేలంలో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటాయే 14 లక్షల డాలర్లు దాటింది. ఫోన్‌లో ఆ ఆవు బొమ్మ చూసి పెద్దాయన "ఇది మా పిల్లే" అన్నాడు.

ఆ అరుగు మీద గడిచిన గంటని నేను మర్చిపోలేను. మా సంఘం పిల్లలు ఎదురుగా కూర్చుని చూశారు, నొప్పించే ప్రశ్న వేసినా మనుషులు లేచి వెళ్ళిపోరని. సంభాషణ అంటే ఇదే కదా అని అధ్యక్షుడు కుర్రాడు తర్వాత నాతో అన్నాడు. వదిలెయ్ అన్నందుకు ఆ పిల్లకి సారీ కూడా చెప్పాడు.

ఒంగోలు నుంచి నెల్లూరికి బస్సులో వెళ్ళాం. సెందాయ్ అమ్మాయి మాటలు మొదలుపెట్టింది అప్పుడే. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో బాంబులకి కాలిపోయిన ఊరు వాళ్ళది. 1947లో, జపాన్‌కి ఇంకా యునెస్కోలో సభ్యత్వం కూడా లేనప్పుడు, ఆ ఊరివాళ్ళు యునెస్కో ఆశయాలతో ఒక సంఘం పెట్టుకున్నారు. ప్రపంచంలో మొట్టమొదటి యునెస్కో సంఘం అదే. జపాన్ 1951లో సభ్యదేశమైంది. ఆ అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ ఆ సంఘం సమావేశాలకి వెళ్ళేదట. నేను మోటుపల్లి కథ చెప్పాను. ఒకప్పటి ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. తుఫానుకి ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే సరుకంతా రాజులు లాక్కునే రోజుల్లో, కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ శాసనం వేయించాడు. పరదేశి వర్తకుల సొత్తు ముట్టుకోం, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని. అభయశాసనం అంటాం దాన్ని. సంఘం పిల్లల్లో సగం మందికి ఇది కొత్త. తమ ఊరికి అంత దగ్గర్లో ఉందని తెలిసి, మళ్ళీ వచ్చేటప్పుడు అక్కడికే పోదాం అన్నారు.

నెల్లూరులో రొట్టెల పండుగ నడుస్తోంది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో జరిగే పండుగ. కోరిక ఉన్నవాళ్ళు, కిందటేడు కోరిక తీరినవాళ్ళ దగ్గర నీళ్ళల్లో నిలబడి రొట్టె తీసుకుంటారు. తమ కోరిక తీరితే మళ్ళీ ఏడాది వచ్చి ఇంకొకరికి ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్య రొట్టె అని కేకలు వేస్తుంటారు. తలల మీద కొంగులు, రుమాళ్ళు. ఇచ్చేవాళ్ళది ఏ మతమో, తీసుకునేవాళ్ళది ఏ మతమో అడిగే మనిషి కనపడలేదు. నెల్లూరువాళ్ళకి ఇందులో వింతేమీ లేదు, పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. సెందాయ్ అమ్మాయి మోకాలిలోతు నీళ్ళల్లో నిలబడి ఒక ముసలామె దగ్గర ఆరోగ్య రొట్టె తీసుకుంది. ఎవరికోసమని మేము అడగలేదు. వచ్చే ఏడు నేను రాలేకపోతే ఎలా అని మాత్రం కంగారు పడింది. "నువ్వు రాకపోతే నీ బదులు ఈ పిల్లలు ఇస్తార్లే తల్లీ" అంది ముసలామె, మా పిల్లల్ని చూపిస్తూ.

రాత్రి చేపల పులుసు సంగతి ఎంత చెప్పినా తక్కువే. డర్బన్ కుర్రాడు మూడుసార్లు వడ్డించుకున్నాడు, మా నాయనమ్మ పులుసు ఇలాగే ఉండేదని.

పల్లిపాడు నెల్లూరికి దగ్గరే, పెన్న ఒడ్డున. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ వచ్చి ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం అక్కడుంది. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య స్థాపించారు. అందులో ప్రధాన భవనం రుస్తుంజీ పేరు మీద ఉంది. ఎవరీ రుస్తుంజీ? డర్బన్‌లో వ్యాపారం చేసిన పార్శీ. 1897లో డర్బన్ వీధుల్లో తెల్లవాళ్ళ గుంపు గాంధీజీ మీద పడి కొట్టినప్పుడు ఆయన్ని కాపాడి ఉంచుకున్నది రుస్తుంజీ ఇంట్లోనే. పెన్న ఒడ్డున ఆశ్రమం కడుతున్నారని తెలిసి ఆయన 10,000 రూపాయలు ఇచ్చాడు.

డర్బన్ కుర్రాడికి ముందుగా ఏమీ చెప్పకుండా తీసుకెళ్ళారు మా పిల్లలు. రుస్తుంజీ పేరు వినగానే అక్కడే ఆగిపోయాడు. వాళ్ళ ఊళ్ళో అందరికీ తెలిసిన పేరు. ఆ తర్వాత వరండాలో కూర్చుని తన సంగతి చెప్పాడు. 1860 నవంబర్‌లో మద్రాసు నుంచి మొదటి ఓడ డర్బన్ చేరింది మొదలు, 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా మన దేశం నుంచి చెరకు తోటల్లో పనికి ఒప్పందాల మీద వెళ్ళారు. వాళ్ళల్లో తెలుగువాళ్ళు చాలామంది. తన ముత్తాత తండ్రి ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు నాయనమ్మతోనే ఆగిపోయింది. పండగలు, పాటలు, ఇంటిపేరు మిగిలాయి. "మీరు నన్ను విదేశీ అతిథి అంటున్నారు. మా దేశంలో ఇప్పటికీ కొందరు నన్ను ఇండియన్ అంటారు" అన్నాడు. ఓదార్పు మాటలు ఎవరూ చెప్పలేదు. సంఘంలో ఒక కుర్రాడు మాత్రం, "మా తాత కూడా కరువుకి ఊరొదిలి వచ్చినోడే అన్నా, మాకూ అసలు ఊరేదో తెలవదు" అన్నాడు. వాళ్ళిద్దరూ ఏటి వైపు నడుచుకుంటూ వెళ్ళారు, గంట దాకా తిరిగి రాలేదు.

ఆఖరి సాయంత్రం ఆశ్రమం చెట్ల కింద గుండ్రంగా కూర్చున్నాం. స్టేజీ లేదు, మైకు లేదు. డర్బన్ కుర్రాడే అడిగాడు, "మేము వచ్చాం. మీరెప్పుడు వస్తారు?" అని. పాస్‌పోర్టు ఎంతమందికి ఉందని చూస్తే ఒక్కరికీ లేదు. ఆడపిల్లలకి ఇంట్లో ఒంగోలు దాటి పంపించడమే గగనం. నా మనసులో చాలా కాలంగా ఉన్నమాట అక్కడ చెప్పాను. ఎప్పుడూ మనమే ఇల్లు సర్ది, వంట చేసి, ఆట ఆడి చూపించి, వచ్చినవాళ్ళు మనల్ని చూసి వెళ్ళిపోతుంటే అది సగమే. మన పిల్లలు కూడా వెళ్ళి, వాళ్ళ ఇళ్ళల్లో తిని, వాళ్ళని ఇబ్బంది పెట్టే ప్రశ్నలు అడగాలి. యువజన సంఘాల పేరు మీద ప్రభుత్వాల మధ్య మార్పిడి బృందాలు వెళ్తుంటాయి, విద్యార్థులకి రోటరీ లాంటి సంస్థల కార్యక్రమాలున్నాయి. పల్లె సంఘాల దాకా ఆ కబురు రాదు, వచ్చినా పాస్‌పోర్టు చేతిలో లేకపోతే గడువు దాటిపోతుంది.

పాస్‌పోర్టుకి 1500 రూపాయలు. వచ్చే ఏడు స్టేజీకి, శాలువాలకి పెట్టాలనుకున్న డబ్బుతో ముందు నలుగురు ఆడపిల్లలకి ఫీజు కట్టాలని అక్కడికక్కడే తీర్మానం రాసుకున్నారు. రాసింది మన దుబాసీ పిల్లే. తన పేరు రాసుకోలేదని గమనించి బ్రెజిల్ అమ్మాయి పెన్ను లాక్కుని మొదటి పేరుగా రాసింది. నేను విజయవాడ వచ్చిన వారానికి మెసేజ్ వచ్చింది, నలుగురికీ స్లాట్లు దొరికాయని, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉన్న ఒకమ్మాయికి ఏం చెయ్యాలో కనుక్కుని చెప్పమని.