నీ రికార్డు వెనక్కొచ్చిందా?

మా కాలేజీ పాత విద్యార్థుల సంచికకు ఏదైనా రాసివ్వమని కమిటీ వాళ్లు అడిగినప్పుడు మొదట తప్పించుకుందామనే అనుకున్నాను. హాస్టల్ సాంబారు గురించీ, కాలేజీ డే నాటకాల గురించీ రాయడానికి మా బ్యాచ్‌లో నాకన్నా చెయ్యి తిరిగినవాళ్లున్నారు. సైకాలజీ ల్యాబు సంగతి మాత్రం ఎవరూ ముట్టుకోరని ధైర్యంగా చెప్పగలను. అందుకే అదే రాస్తున్నాను.

మేం 1993లో బి.ఏ.లో చేరినవాళ్లం. హిస్టరీ, పాలిటిక్స్‌తో పాటు సైకాలజీ తీసుకున్న చిన్న గుంపు మాది. మిగతా కాలేజీకి మేం 'మెంటల్ బ్యాచ్'. క్యాంటీన్‌లో ఉగ్గాని బజ్జీ తింటూ కూర్చుంటే కామర్స్ వాళ్లు వచ్చి "మా మనసులో ఏముందో చెప్పండప్పా" అని చెయ్యి చాపేవాళ్లు, చిలక జోస్యం అడిగినట్టు. కళ్యాణదుర్గం దగ్గరున్న మా ఊళ్లో ఇంకో రకం గోల. ఆడపిల్ల పిచ్చాసుపత్రి చదువు చదివితే సంబంధాలు వస్తాయా అని మా జేజి బెంగ. నిజం చెప్పాలంటే ఆ సబ్జెక్టు తీసుకున్న మాలో కూడా సగం మంది హిప్నాటిజం నేర్పిస్తారనే ఆశతోనే చేరారు.

ఆ ఆశ మీద మా సైకాలజీ మేడం మొదటిరోజే నీళ్లు చల్లింది. తిరుపతిలో ఎం.ఏ. చేసి వచ్చిన మనిషి. గొంతు పెంచదు, మాట జారదు. క్లాసుకు రాగానే సైక్లోస్టైల్ చేసిన అరఠావు కాగితాలు పంచి, ప్రయోగాలు రాసిచ్చే పుస్తకం, అదే రికార్డు, మొదటి పేజీలో అంటించుకోమంది. ఈ కోర్సులో ఉండాలంటే ఏం చేయాలో, ఏం చేయకూడదో ఆ కాగితంలో ఉన్నాయి. సిలబస్ కన్నా ముందు షరతులు చదివించిన లెక్చరర్ ఆ కాలేజీలో నాకు తెలిసి ఇంకొకరు లేరు.

ఈ శాస్త్రం చదివినంత మాత్రాన ఎదుటివాళ్ల మనసు చదవడం రాదు, వచ్చినట్టు నటించకూడదు. మొదటి షరతు అది. దానికి ఒక తోక కూడా ఉంది. పుస్తకంలో ఉన్న జబ్బుల పేర్లు ఇంట్లోవాళ్లకూ, స్నేహితులకూ తగిలించకూడదు. ఇది మాత్రం ఎవరూ పాటించలేదు. అబ్‌నార్మల్ సైకాలజీ పాఠం మొదలైన వారానికే హాస్టల్‌లో ప్రతి గదికీ ఒక జబ్బు పంచేశారు. మేడం చెవిన పడింది. కోప్పడలేదు. ఎవరెవరికి ఏ పేరు పెట్టారో, ఆ జబ్బుకు పుస్తకం చెప్పిన లక్షణాలేమిటో, అవి ఎన్నాళ్లుగా ఉన్నట్టు చూశారో కాగితం మీద రాసుకురమ్మంది. ఎవరూ రాయలేకపోయారు.

ఊళ్లో నిజంగానే బాగాలేనివాళ్లు కనబడితే మీరు వైద్యం మొదలుపెట్టకండి, దారి చెప్పండి అనేది. మన పక్కనే ఉన్న బళ్లారి జిల్లాలో 1980లలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు ఒక పని చేసి చూపించారు. ఊళ్లలోని ప్రైమరీ హెల్త్ సెంటర్ల డాక్టర్లకూ సిబ్బందికీ శిక్షణ ఇచ్చి, మానసిక వైద్యాన్ని జిల్లా స్థాయికి తెచ్చారు. తర్వాత దేశం మొత్తానికీ అదే నమూనా అయింది. రాయదుర్గం దాటితే బళ్లారే కదా, తాయెత్తులకు పెట్టే డబ్బు బస్సు చార్జీకి పెట్టమని చెప్పండి అనేది మేడం. ఆ మాట ఎంతమందికి ఉపయోగపడిందో మా బ్యాచ్‌వాళ్లే చెప్పాలి.

హాజరు సంగతి అందరికీ తెలిసిందే. 75 శాతం ఉండాలి, తగ్గితే కాండొనేషన్ ఫీజు కట్టి గట్టెక్కాలి. కానీ సైకాలజీ ల్యాబులో ఒకరు ఎగ్గొడితే ఇద్దరికి నష్టం. ప్రయోగం చేసేవాళ్లు ఒకరు, ప్రయోగానికి కూర్చునేవాళ్లు ఇంకొకరు. ఆ కూర్చునే మనిషినే సబ్జెక్టు అంటారు. ఎన్ని ప్రయోగాలు చేశావో అన్నిసార్లు సబ్జెక్టుగా కూడా కూర్చోవాలి, కూర్చుని నీకు ఏమనిపించిందో నీ మాటల్లో రాసివ్వాలి. ఇది రెండో షరతు. "ఆ స్టూలు మీద కూర్చోనివాళ్లకు ఇంకొకరిని కూర్చోబెట్టే హక్కు లేదు" అని మేడం కచ్చితంగా చెప్పేది.

ఆ స్టూలు మీద మా గీర అంతా దిగిపోయింది. మిర్రర్ డ్రాయింగ్ అని ఒక ప్రయోగం. నక్షత్రం బొమ్మ జంట గీతలతో అచ్చువేసి ఉంటుంది. ఆ రెండు గీతల మధ్య పెన్సిల్ నడపాలి. చేతికీ కళ్లకీ మధ్య ఒక రేకు అడ్డం. బొమ్మ ఎదురుగా అద్దంలోనే కనబడుతుంది. గీతకు తగిలితే తప్పు, పక్కన స్టాప్‌వాచ్ నడుస్తూ ఉంటుంది. నేరుగా వెళ్లేంతవరకు ఫరవాలేదు, మూల తిరగాల్సి వచ్చేసరికి చెయ్యి మొరాయిస్తుంది. పైకి పోవాలనుకుంటే కిందికి, కిందికి అనుకుంటే పైకి. మెడలు పట్టేసి, చెమటలు పట్టి, పెన్సిల్ అక్కడే గుడ్లు తిప్పుతూ నిలబడిపోతుంది. కాలేజీ పోస్టర్లన్నీ గీసే మా ఆర్టిస్టు కుర్రాడు మొదటి మూల దగ్గరే పెన్సిల్ విరగ్గొట్టాడు. "నా చెయ్యి నా మాట వినలేదు" అని రిపోర్టు రాశాడు. అంతే, ఒక్క వాక్యం. మేడం దాన్ని క్లాసులో చదివి, రిపోర్టంటే ఇట్లా ఉండాలని చెప్పింది. ఇంకో వింత ఏమిటంటే, కుడిచేత్తో కొన్నిసార్లు సాధన చేశాక ఎడమచేతికి ఇస్తే, అసలు సాధన చేయని ఎడమచెయ్యి కూడా మెరుగ్గా గీస్తుంది. నేర్చుకున్నది చేతిలో ఉండిపోదని చెప్పడానికి మేడం పాఠం చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇక అన్నిటికన్నా గట్టి షరతు అంకెల గురించి. వచ్చిన అంకెలే రాయాలి.

అప్పటికి కాలేజీలో ఒక సంప్రదాయం ఉంది. సీనియర్ల రికార్డు తెచ్చుకోవడం, అంకెలతో సహా దించుకోవడం. ఫిజిక్స్ వాళ్లకు నడిచింది కాబట్టి మాకూ నడుస్తుందనుకున్నారు కొందరు. ముల్లర్ లయర్ భ్రాంతి ప్రయోగం రికార్డులు మొదటిసారి దిద్దడానికి వెళ్లాయి. 1889 నాటి ప్రయోగం అది. సమానమైన రెండు గీతలు, ఒకదానికి రెండు కొసలా బాణం తలలు, ఇంకొకదానికి కొసలు బయటికి విచ్చుకుని ఉంటాయి. విచ్చుకున్నదే పొడుగని కన్ను మొండికేస్తుంది. చెక్క పలకలో ఒక గీత జరుగుతుంది. రెండూ సమానమని అనిపించేదాకా సబ్జెక్టు దాన్ని జరపాలి, ఎంత తేడా వచ్చిందో వెనకనున్న స్కేలు మీద మనం చూసుకోవాలి. సగంసార్లు పొడుగునుంచి తగ్గిస్తూ, సగంసార్లు పొట్టినుంచి పెంచుతూ. మళ్లీ సగంసార్లు కుడివైపు, సగంసార్లు ఎడమవైపు. చెయ్యి జరిపే దిక్కువల్ల, గీత ఉన్న పక్కవల్ల వచ్చే తేడాలు ఒకదానికొకటి కొట్టుకుపోయి, భ్రాంతివల్ల వచ్చిన తేడా ఒక్కటే మిగలాలని ఈ తిప్పలు.

రికార్డులు తిరిగొచ్చాయి. దించుకున్నవాళ్లవన్నీ ఎర్ర ఇంకు కొట్టివేతలతో. ఎట్లా కనిపెట్టిందని తలలు బాదుకున్నారు. కనిపెట్టడం పెద్ద విషయమేమీ కాదు, అంకెలు మరీ బుద్ధిగా ఉన్నాయంట. మనిషి జరిపిన గీత ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ, ఒకసారి మరీ ఎక్కువ వస్తుంది. ఊహించి రాసిన అంకెలు మెట్లు దిగినట్టు వరసగా దిగుతాయి. అప్పటినుంచి కాలేజీ వరండాల్లో మా బ్యాచ్ పలకరింపు మారిపోయింది. "తిన్యావా?" పోయి "నీ రికార్డు వెనక్కొచ్చిందా?" వచ్చింది.

ఆ ప్రయోగంలోనే మావాడొకడి సబ్జెక్టుకు భ్రాంతి దాదాపు రాలేదు. పుస్తకం చెప్పినదానికి విరుద్ధంగా వచ్చిందని మావాడు భయపడి, అంకెలు కాస్త సర్దుదామనుకుని మేడంను అడిగాడు. అడగడమే మంచిదైంది. "పుస్తకంలో ఏముందో నాకు తెలుసు నాయనా. నీకు ఏమొచ్చిందో నాకు తెలీదు, అదే రాయి. ఎందుకట్లా వచ్చిందో నీకు తోచింది కింద రాయి" అంది. వాడి సబ్జెక్టు వడ్రంగి పని చేసే ఇంటి అబ్బాయి. కొలతకు అలవాటుపడిన కన్ను కావచ్చని రాశాడు, ఒక్క మనిషితో తేలదని కూడా చేర్చాడు. ఆ రెండో వాక్యానికే ఎక్కువ మార్కులు పడ్డాయని నా నమ్మకం.

లెక్కల బాధ తప్పించుకోవడానికి ఆర్ట్స్‌లోకి వచ్చినవాళ్లం అందరం. ఇక్కడ కూడా సగటు, స్టాండర్డ్ డీవియేషన్, ర్యాంక్ కోరిలేషన్ తప్పలేదు. ఏడ్చుకుంటూ చేశాం. అంతకన్నా చెప్పడానికేమీ లేదు.

శాస్త్రం చరిత్ర చెప్పేటప్పుడు వుంట్ అనే ఆయన 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మొదటి సైకాలజీ ల్యాబు పెట్టాడన్నది అందరు లెక్చరర్లూ చెప్తారు. మా మేడం అక్కణ్నుంచి తిన్నగా మైసూరుకు వచ్చేసేది. మైసూరు యూనివర్సిటీలో 1924లో సైకాలజీ విభాగం మొదలైంది, దాన్ని నడిపిన ప్రొఫెసర్ ఎం.వి. గోపాలస్వామి. ఆయన 1935లో తన ఇంట్లోనే చిన్న రేడియో స్టేషన్ పెట్టి 'ఆకాశవాణి' అని పేరు పెట్టాడు. తర్వాత అదే దేశమంతటి రేడియోకూ పేరైంది. పొద్దునే కడప కేంద్రం పెట్టుకుని జడలు వేసుకునే మాకు, ఆ మాట వెనక ఒక సైకాలజీ సారు ఉన్నాడంటే కాస్త ఛాతీ పొంగింది. కామర్స్ వాళ్లకు ఇది చాలాసార్లు వినిపించాం.

రెండో సంవత్సరంలో, కాలేజీ మొహం చూడని మనిషిని ఒకరిని సబ్జెక్టుగా పెట్టుకుని ఒక ప్రయోగం చేసుకురావాలన్నారు. నేను మా చిన్నాయనను పట్టుకున్నాను. అనంతపురం మార్కెట్ యార్డులో హమాలీ. శనక్కాయల మూట ఎత్తి, కాటా పెట్టకముందే బరువు చెప్పేవాడు, పెద్ద తేడా వచ్చేది కాదు. ఆయనకు సరైన ప్రయోగం సైజ్-వెయిట్ భ్రాంతి. పెద్ద డాల్డా డబ్బా ఒకటి, చిన్న పౌడరు డబ్బా ఒకటి తీసుకుని, రెండూ ఒకే బరువు తూగేట్టు ఇసుక పోసి మూతలు బిగించాను. అంగట్లో తక్కెడ మీద పెట్టి చూసుకున్నాను కూడా.

చిన్నాయన రెండూ ఎత్తి చూశాడు. "చిన్నదే బరువు. దీంట్లో సీసం పోసినావా పాపా?" అన్నాడు. రెండూ సమానమే అన్నాను. నమ్మలేదు. తక్కెడ తెచ్చి ఆయన ముందరే తూచాను. ముల్లు నడుమ నిలిచింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ చిన్నదే బరువు. ఈసారి కళ్లు మూసుకుని ఎత్తాడు, డబ్బాలు చేతులు మార్చి ఎత్తాడు, తక్కెడ తిప్పి చూశాడు. చివరికి, "తక్కెడ చెప్పేది నిజమే కావచ్చు. నా చెయ్యి ఒప్పుకోవడంల్యా" అని డబ్బాలు నాకిచ్చేసి, ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

ఆయన మాటలను ఆయన మాటల్లోనే రాయాలి, పుస్తకం తెలుగులోకి మార్చకూడదన్నది మేడం నియమం. అట్లాగే రాశాను. పెద్దది బరువుండాలని ముందే అనుకుంటాం, అందుకు తగ్గట్టు బలం పెడతాం, అది తేలిగ్గా లేచేసరికి తక్కువ బరువనిపిస్తుంది అని మా పాఠ్యపుస్తకం వివరణ. ఇరవై ఏళ్లు మూటలెత్తిన మనిషికి కూడా, సమానమని కళ్లారా చూశాక కూడా, అది పోలేదు. తర్వాత 2000లో వచ్చిన ఒక పరిశోధన గురించి చదివాను. కొన్నిసార్లు ఎత్తేసరికి చేతివేళ్లు రెండు వస్తువులకూ సరైన బలమే వాడటం నేర్చుకుంటాయట. అయినా చిన్నదే బరువన్న భావన మాత్రం అట్లాగే ఉంటుందట. అంటే మా పుస్తకం చెప్పిన వివరణ సరిపోదన్నమాట. ఇది చదివేసరికి చిన్నాయన లేడు. ఉన్నా ఇంకోసారి డబ్బాలు ముట్టుకునేవాడు కాదు.

సబ్జెక్టు పేరు రికార్డులో రాయకూడదు, మొదటి అక్షరం, వయసు చాలు. వాళ్ల ఒప్పుదల లేనిదే మొదలుపెట్టకూడదు. వద్దంటే మధ్యలో ఆపేయాలి. ఇవీ ఆ కాగితంలో ఉన్నాయి. మొదట్లో ఇది చాదస్తమనిపించింది. మేడం అప్పుడు వాట్సన్, రేనర్ అనే అమెరికా సైకాలజిస్టులు 1920లో ఆల్బర్ట్ అనే పసివాడి మీద చేసిన ప్రయోగం చెప్పింది. తెల్ల ఎలుకను ముట్టుకోబోయినప్పుడల్లా వెనక ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టి, ఎలుకంటే భయం కలిగించారు. ఆ భయాన్ని పోగొట్టకుండానే వదిలేశారు. నేర్చుకోవడం గురించిన పాఠంలో అది గొప్ప ప్రయోగంగానే ఉంటుంది. మేడం మాత్రం "ఆ బిడ్డ తల్లి స్థానంలో ఉండి ఈ ప్రయోగాన్ని రాయండి" అని ఇంటిపని ఇచ్చింది.

ఈ షరతు మీదే ఒకసారి పెద్ద గొడవ అయింది. అడ్జస్ట్‌మెంట్ ఇన్వెంటరీ అని ప్రశ్నల పట్టీ ఒకటి ఉంటుంది, ఇంటి సంగతులు, ఆరోగ్యం, భయాలు అన్నీ అడుగుతుంది. ఒకమ్మాయి నింపిచ్చిన జవాబులు గదిలో ఇంకొకరి కంటపడి, నలుగురిలో నవ్వులాటగా మారాయి. మేడం ఆ ప్రయోగం రికార్డులు మొత్తం క్లాసువి రద్దు చేసి, జవాబు పత్రాలన్నీ మా ముందే చింపేసింది. తప్పు చేసినవాళ్లకొక్కరికే శిక్ష వేసి ఉండాల్సిందని చాలామంది సణిగారు. నాకు ఇప్పటికీ మేడమే రైటనిపిస్తుంది. నింపినవాళ్లందరి కాగితాలూ అదే గదుల్లో, అవే ట్రంకు పెట్టెల మీద పడి ఉన్నాయి మరి.

మొన్న బెంగళూరులో సైకాలజీ చదువుతున్న మా అక్క కూతురు వచ్చింది. వాళ్లకూ ల్యాబు ఉంది, సబ్జెక్టులను ఇప్పుడు పార్టిసిపెంట్ అనాలట. "చిన్నమ్మా, నాకు ఇంకొకరు తక్కువయ్యారు, కూర్చోవా" అని ల్యాప్‌టాప్ తెరిచింది. రంగుల పేర్లు వేరే రంగుల్లో వస్తాయి, చదవకుండా రంగే చెప్పాలి. స్ట్రూప్ ప్రయోగం, 1935 నాటిది. కన్సెంట్ ఫారం ఏదని అడిగాను. "ఇంట్లోవాళ్లకు కూడానా?" అంది. జెరాక్స్ షాపు మూసేసే టైమైంది. అయినా స్కూటీ తాళాలు చేతిలో పెట్టి పంపించాను.