చక్రాలకు ఆ రిఫ్లెక్టర్లు ఉండాలా?

కొత్త సైకిల్ కొన్నవాళ్లలో చాలామంది స్పోకుల మధ్య ఉండే ప్లాస్టిక్ రిఫ్లెక్టర్లను ముందుగా ఊడదీస్తారు. నేనూ అదే చేశాను. అవి గలగలమంటున్నాయనీ, చక్రం అందాన్ని చెడగొడుతున్నాయనీ అనిపించి, రెండేళ్ల పాటు ఒక డబ్బాలో పడేసి ఉంచాను. ఒక రాత్రి కారులో వెళ్తుండగా, వీధి దీపాలు లేని చోట ఎవరో సైకిల్ మీద రోడ్డు దాటుతున్నారు. మనిషి ఆనవాలు తెలియలేదు, హ్యాండిల్ కూడా కనబడలేదు. పైకీ కిందికీ కదులుతూ ముందుకు సాగుతున్న రెండు పసుపు చుక్కలు మాత్రం దూరం నుంచే కనిపించాయి. ఆ కదలికను బట్టే అది సైకిలని నాకు అర్థమైంది. ఇంటికి చేరగానే డబ్బా వెతికి, వాటిని మళ్లీ బిగించాను.

రిఫ్లెక్టర్ మామూలు అద్దం లాంటిది కాదు. ఒకదానికొకటి లంబంగా ఉండే మూడు తలాలు కలిసిన చిన్న మూలలు దాని వెనక వరుసగా ఉంటాయి. ఏ వైపు నుంచి వచ్చిన వెలుగునైనా అవి దాదాపు అదే వైపుకు తిప్పి పంపుతాయి. టార్చిని కణత పక్కన పట్టుకుని చూస్తే రిఫ్లెక్టర్ భగ్గుమంటుంది, అదే టార్చిని చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటే మసకబారిపోతుంది. డ్రైవరు కళ్లు హెడ్‌లైట్లకు దగ్గరలోనే ఉంటాయి కాబట్టి ఆ వెలుగు ఆయనకు అందుతుంది. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద ఉంచి వచ్చిన 100 పట్టకాల పలక కూడా ఈ సూత్రం మీదే భూమి నుంచి వెళ్లిన లేజర్ కాంతిని వెనక్కి పంపుతోంది.

అయితే దీపం లేకుండా రిఫ్లెక్టర్లనే నమ్ముకుని రాత్రిపూట తొక్కడం చాలా ప్రమాదం. పక్క వీధి నుంచి వచ్చే వాహనం హెడ్‌లైట్లు దాని ముందున్న దారినే వెలిగిస్తాయి. మనం ఆ వెలుగులోకి చేరేసరికి సరిగ్గా దాని ముందే ఉంటాం, అప్పుడు చక్రం మెరిసినా బ్రేకు వేసే వ్యవధి ఉండకపోవచ్చు. రిఫ్లెక్టర్ పనికొచ్చేది, మనం అప్పటికే రోడ్డుకు అడ్డంగా ఉండి, వాహనం ఇంకా దూరంగా ఉన్నప్పుడు.

రిఫ్లెక్టర్ల బరువుకు చక్రం తూకం తప్పుతుందని కొందరు చేసే ఫిర్యాదును నేను పెద్దగా పట్టించుకోను. చక్రానికి రెండేసి చొప్పున ఎదురెదురుగా బిగిస్తే తూకం కుదురుతుంది. అప్పటికీ నచ్చనివాళ్లు పక్కన మెరిసే పట్టీ ఉన్న టైర్లు వేసుకోవచ్చు. అమెరికా, జర్మనీ నిబంధనలు కూడా స్పోకు రిఫ్లెక్టర్లకు బదులుగా వాటిని అంగీకరిస్తాయి. పూర్తి వలయం వెలుగుతుంది కాబట్టి, నా దృష్టిలో అవే మేలు.

వేటిని ఉంచుకున్నా తుడుస్తూ ఉండాలి. పోయిన వారం నా వెనక చక్రపు రిఫ్లెక్టర్ మీద వెంట్రుకంత పగులు కనిపించింది. వర్షపు నీరు లోపలికి దిగి ఆ మూలలకు పట్టడంతో, టార్చి వేసినప్పుడు సగం భాగం వెలగకుండా నల్లగా ఉండిపోయింది. తుడిచినా ఫలితం లేక, దాన్ని తీసేసి కొత్తది వేశాను.