బొంతల వెంట న్యూ విండ్సర్‌కు

2019 అక్టోబరులో పెన్సిల్వేనియాలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, గెటిస్‌బర్గ్ సమీపంలోని ఒక లూథరన్ సంఘపు స్త్రీలు ఏడాది పొడవునా కుట్టి దాచిన బొంతలను, బడిపిల్లల సంచులను దూరదేశాల్లో ఆపదలో ఉన్నవారికి పంపడానికి మేరీలాండ్‌లోని న్యూ విండ్సర్ గిడ్డంగికి చేర్చబోతుంటే నేనూ వారి వెంట వెళ్లాను. వెళ్లినది 30 మైళ్ల దూరమే అయినా, రేపల్లె ప్రాంతంలో లూథరన్ సంఘంలోనే పుట్టి పెరిగిన నాకు అది ఎంతో పాతకాలపు దారిలా అనిపించింది. మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టింది అమెరికాలోని లూథరన్ సంఘాలు పంపితేనే కదా.

బయలుదేరే ముందు వారం రోజులూ గుడి కింది హాలులో వారితో కూర్చున్నాను. వారు క్విల్ట్ అంటారు గాని, నా కంటికి అది బొంతే. మా నాయనమ్మ పాత చీరలను పొరలుగా పరచి అంగుళం అంగుళం కుట్టేది. వీరు పైన ముక్కలతో అతికిన గుడ్డ, నడుమ దూది పొర, అడుగున మరో గుడ్డ పరచి, జానెడు కన్నా తక్కువ ఎడంలో గట్టి దారంతో ముళ్లు వేస్తారు. బొంత 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు ఉండాలి. కప్పుకోవడానికే కాక, నేల మీద పరచుకోవడానికి, గుడారానికి అడ్డు కట్టుకోవడానికి, చంటిబిడ్డను వీపున కట్టుకోవడానికి కూడా అది పనికి రావాలి. జెండాలు, సైనిక చిహ్నాలు, చివరికి సిలువ గుర్తు కూడా బొంత మీద ఉండరాదని వారు చెప్పినప్పుడు మొదట ఆశ్చర్యపోయాను. ఏ మతంవారి చేతికి వెళుతుందో తెలియని వస్తువు మీద మన గుర్తు వేయడం తీసుకునేవారిని ఇరుకున పెట్టడమేనని కాస్త ఆలోచిస్తే బోధపడింది.

సంచుల లెక్క ఇంకా కచ్చితమైనది. ఒక్కో సంచిలో 70 కాగితాల నోటు పుస్తకాలు నాలుగు, చెక్కని పెన్సిళ్లు ఐదు, పెన్నులు ఐదు, సెంటీమీటర్లున్న స్కేలు, మొన లేని కత్తెర, రబ్బరు, పెన్సిలు చెక్కుకునే మర, రంగు క్రేయాన్ల పెట్టె పెడతారు. ఒకరు ముచ్చటపడి అదనంగా పెట్టిన బొమ్మను ఎనభై దాటిన ఒక పెద్దామె మెల్లగా బయటికి తీసి, పక్క పిల్లవాడి సంచిలో బొమ్మ లేకపోతే వాడు ఏమనుకుంటాడని అడిగింది.

ఆ మాటతో నాకు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గుర్తుకు వచ్చింది. దివిసీమను ముంచి, పదివేల మంది వరకు ప్రాణాలు తీసిన ఆ తుపాను మా వైపు కూడా ఇళ్లను నేలమట్టం చేసింది. అప్పుడు నాకు పదకొండేళ్లు. సహాయం పంచుతున్న వరుసలో అమ్మ కొంగు పట్టుకుని నిలబడితే, మా వంతుకు మంచు దేశాల్లో తొడుక్కునే బరువైన ఉన్ని కోటు ఒకటి వచ్చింది, మా వెనుక ఉన్నవారికి దుప్పటి వచ్చింది. ఇచ్చినవారి మనసు మంచిదే, కాదనను. కాని దుప్పటి కోసం వచ్చిన మా అమ్మ ఆ కోటు వైపు చూసిన చూపు నేను మరచిపోలేదు. తర్వాత దాని లోపలి అస్తరు విప్పి తమ్ముడికి చొక్కా కుట్టింది. ఇదంతా మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పగా ఆ పెద్దామె పని ఆపి విన్నది, ఏమీ అనలేదు. లేచి వెళ్లి, అప్పటికే కట్టేసిన రెండు పెట్టెలు విప్పి, ప్రతి సంచినీ మళ్లీ లెక్క చూసింది.

ఈ పోగుచేయడం చూస్తే మా కోతపండుగే కళ్ల ముందు మెదిలింది. ధాన్యం, గుమ్మడికాయలు, కోడిపుంజులు గుడికి తెచ్చేవాళ్లం. అమ్మ పూట పూటా ఎసట్లో పోసే ముందు గుడి కోసమని గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది.

శనివారం ఉదయం మూడు వ్యాన్లలో బయలుదేరి, మొక్కజొన్న కోసేసిన పొలాల మధ్యగా టానీటౌన్ మీదుగా సాగిపోయాము. న్యూ విండ్సర్‌లో ఒకప్పుడు బ్లూ రిడ్జ్ కాలేజి ఉండేది. బ్రెదరన్ అనే మరో క్రైస్తవ సంఘంవారు 1944లో ఆ స్థలాన్ని కొని సహాయ కేంద్రంగా మార్చారు. యుద్ధంలో చితికిన ఐరోపాకు ఓడల మీద ఆవుపెయ్యలను పంపిన పనిలో కూడా వారే ముందు నిలిచారు. మా బొంతలను విదేశాలకు పంపే సహాయ సంస్థ, 1945లో ఏర్పడిన లూథరన్ వరల్డ్ రిలీఫ్, అప్పట్లో తన సరుకులను నిలవ చేసే చోట్లలో ఆ గిడ్డంగి ఒకటి.

లోపల పైకప్పు దాకా పెట్టెలే. మా పెట్టెలు దించి, రకం, సంఖ్య రాసిన చీటీలు సరిచూసుకున్నారు. పేర్లు, ఊర్లు ఎక్కడా లేవు. బొంతలను మాత్రం పెట్టెల నుంచి తీసి, ఓడలో తక్కువ చోటు పట్టేలా యంత్రంతో అదిమి బేళ్లుగా కట్టేవారు. మా ఊళ్లలో పత్తి బేళ్లు చూసినదాన్ని కనుక ఆ మర ముందు చాలాసేపు నిలబడ్డాను. నేను ముళ్లు వేసిన నీలి గళ్ల బొంత పైనుంచి మూడవది. పెద్దామె నా చెయ్యి పట్టుకుని అటే చూస్తుండగా, మర దిగి, బొంతలన్నీ అణిగి, అంచున ఒక నీలిగీత మాత్రం మిగిలింది. దాని మీదుగా పట్టీ బిగించారు.